పెట్టె లేని స్పీకర్‌తో ఇల్లు అదరగొట్టే విధానం

ఓపెన్ బాఫిల్ పేరు విని బెదరకండి. ఊఫర్‌ను పెట్టెలో బిగించకుండా పలకకు గుండ్రంగా రంధ్రం కోసి బిగిస్తే అదే ఓపెన్ బాఫిల్. వెనక ఖాళీ. తాతల నాటి వాల్వు రేడియోలకు వెనక బెజ్జాలున్న అట్టముక్క ఒకటి ఉండేది కదా, అవీ ఈ వంశానివే. వాటి ముందు కూర్చుని వార్తలు విన్నవాళ్లెవరూ బాస్ చాల్లేదని అలగలేదు. కానీ మనం తాతలం కాదు. డీజే బండి వీధిలోకి మళ్లితే గూట్లో గ్లాసులు గజగజలాడాలనుకునే తరం. కాబట్టి ఈ కింది పద్ధతి.

ముందు ఊఫర్ కొనాలి. దుకాణంలో అన్నిటికంటే బరువైనది ఎత్తండి. మాగ్నెట్ ఎంత లావుంటే అంత మంచిది, కారు డిక్కీలో పెట్టేదైతే మరీ శ్రేష్ఠం. దానితో ఇచ్చే కాగితంలో క్యూటీఎస్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని చదవకండి. 0.7కి అటూ ఇటూ, ఇంకాస్త ఎక్కువైనా, ఉన్నవే పలకకు పనికొస్తాయనీ, 0.3 ఉన్నవి పెట్టె కోసం పుట్టినవనీ కొందరు చాదస్తులు అంటారు. బలమైన మాగ్నెట్ కోన్‌కు బ్రేకులా పనిచేస్తుందట. పెట్టెలోని గాలి స్ప్రింగులా నెట్టి ఆ లోటు పూడుస్తుందట. పలక వెనక ఆ స్ప్రింగు లేదు కనుక, లావు మాగ్నెట్ ఊఫర్ కింది స్వరాల దగ్గర నీరసపడుతుందట. పాత రేడియోలో పీకిన బక్క మాగ్నెట్ స్పీకరే నయమంటే ఎవరు నమ్ముతారు? డబ్బు పెట్టి బరువు కొన్నాం, బరువే మోగాలి.

ఇక పలక. ఇల్లు ఇరుకు, కాబట్టి ఊఫర్ వెడల్పుకు రెండు వేళ్లు మించి కోయకండి. కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలిని తోస్తుంది, అదే క్షణాన వెనక గాలిని లాగుతుంది. ఈ రెండూ పలక అంచు చుట్టి వచ్చి ఒకదాన్నొకటి కౌగిలించుకుని చల్లబడిపోతాయి. అంచు ఎంత దూరముంటే ఆ కౌగిలి అంత ఆలస్యం. 40 హెర్ట్జ్ స్వరం అల పొడవు సుమారు 8.6 మీటర్లు. మన బళ్లారి మే నెల ఎండకు ధ్వని వేగం కూడా పెరిగి అది దాదాపు 9 మీటర్లకు సాగుతుంది. దాని ముందు అరమీటరు పలక అంటే ఏనుగుకు అడ్డం పెట్టిన చేట. అయినా చేటే చాలు, ఎందుకంటే మన దగ్గర ఈక్వలైజర్ ఉంది.

ఈ శాస్త్రానికంతటికీ గుండెకాయ ఈక్వలైజరే. అరమీటరు దారి తేడా ఉన్న పలక మీద 115 హెర్ట్జ్ దగ్గర మొదలై, స్వరం సగానికి దిగినప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. 57 దగ్గర 6, 29 దగ్గర 12. పోయినదాన్ని నాబ్ తిప్పి రాబట్టుకోవడమే! 12 డెసిబెల్స్ ఎత్తాలంటే 16 రెట్లు వాట్లు కావాలి. 50 వాట్లతో హాయిగా పాడే ఆంప్ బదులు 800 వాట్లది కొనండి. కోన్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. స్వరం సగానికి దిగితే, అదే మోత కోసం పెట్టెలో ఉన్న ఊఫర్ 4 రెట్లు ఊగాలి, పలక మీదున్నది 8 రెట్లు. రెండుసార్లు సగమైతే 64 రెట్లు. కాయిల్ వెళ్లి వెనక ఇనుముకు కొట్టుకుని టక్, టక్ మంటుంది. తాళం వేస్తోందనుకోండి.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ (1935–2018) ఈ లెక్కలన్నీ వేసి, పెద్ద ఊఫర్లను జతలుగా పెట్టి, ఓరియన్, ఎల్‌ఎక్స్521 అనే ఓపెన్ బాఫిల్ స్పీకర్లు తయారుచేశాడు. ఎక్కడ ఎంత ఎత్తాలో అంతే ఎత్తాడు, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. అంత ఓపిక మనకెందుకు?

పలకను గోడకు ఆనించి పెట్టండి. వెనక కనీసం ఒక మీటరు వదలాలనేవాళ్లకు బహుశా పెద్ద హాళ్లున్నాయి. వెనక నుంచి వచ్చే శబ్దం గోడకు కొట్టుకుని వెంటనే తిరిగి వస్తే ముందుది మసకబారుతుంది, నిజమే. మసకలోనూ ఒక అందం ఉంది.

మంచం ఎక్కడ వేయాలో మా ఇంట్లో కనిపెట్టాం. పలకకు సరిగ్గా పక్కన, అంచుకు ఎదురుగా. అక్కడ ముందు అల, వెనక అల సమానంగా చేరి చచ్చిపోతాయి. మా నాయన ఆ మంచం మీద పడుకుని, నేను నాబ్ చివరిదాకా తిప్పిన రోజు అడిగాడు: "ఏమిరా, పాట పెట్టినావా, ఊరికే కూచున్నావా?" పక్కింటి గోడ కూడా అటువైపే ఉండడంతో పక్కింటివాళ్లు ఒక్కసారి కూడా గొడవకు రాలేదు. పక్కింటివాళ్లు గొడవకు రాని సౌండ్ సిస్టమ్ ఏం సౌండ్ సిస్టమ్?

తర్వాత ఆయన లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు నేను ఈక్వలైజర్ తీసేసి, వేడెక్కిన ఊఫర్‌కు విశ్రాంతి ఇస్తూ, ఏదో పాత కచేరీ మెల్లగా పెట్టి ఉంచాను. కొంతసేపటికి, "ఎడమ చెయ్యి వినిపిస్తాందిరా" అన్నాడు. మృదంగం తొప్పి వైపు మాట. రవ్వ ముద్ద అంటించిన ఆ వైపు కొడితే వచ్చే తోం అనే నాదం, అరచేయి కాస్త నొక్కితే అది పైకి సాగడం, ఇవన్నీ విడివిడిగా తెలుస్తున్నాయట. మా పాత పెట్టె స్పీకర్‌లో ప్రతి దెబ్బా ఒకటే గుమ్మనేదట. దానికీ ఒక కారణం చెబుతారు లెండి. 4 మీటర్ల సిమెంటు గది 43 హెర్ట్జ్ దగ్గర సొంతంగా మోగుతుంది, పెట్టె దాన్ని నాలుగు దిక్కుల నుంచీ రెచ్చగొడుతుంది. పలక మాత్రం ముందుకూ వెనక్కూ తప్ప పక్కలకు పోదు. ఎదురుగా అదే మోత వినిపిస్తూనే గదిలోకి మూడోవంతు శక్తే వదులుతుంది. డప్పుకూ వెనక మూత లేదు కదా, దాని దెబ్బ వీధి చివర కూడా చెదరకుండా వినిపిస్తుందని నాయన ఉపమానం. సహజ నటనకు పేరుపడ్డ బళ్లారి రాఘవ ఊరివాళ్లం మనం, సహజం అనే మాట వింటే మురిసిపోవడం ఈ ఊరి జబ్బు. ఇలాంటి ప్రలోభాలకు లొంగితే ఇల్లు ఎన్నటికీ అదరదు.

సహజ ధ్వని అంటే గుర్తొచ్చింది. ఊరి పక్కనే సంగనకల్లు, కుప్‌గల్ కొండల మీద కొత్తరాతి యుగం మనుషులు నల్లటి డోలరైటు బండల మీద ఎద్దుల బొమ్మలు చెక్కారు. వాటిలో కొన్ని బండలను రాయితో కొడితే గంటల్లా మోగుతాయి. కొట్టి కొట్టి గుంటలు పడి ఉన్నాయి. ఆ బొమ్మల గురించి ఫాసెట్ అనే బ్రిటిష్ అధికారి 1892లోనే రాశాడు. మోగే రాళ్ల సంగతి 2004లో పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ ఒక వ్యాసంలో వివరించింది. కంకర కోసం కొండను తవ్వుతున్నారన్న బెంగ అప్పటికే ఉంది. పెట్టె లేదు, కరెంటు లేదు, వేల ఏళ్ల కిందటే మోత.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది స్పష్టం. రాయి మోగుతుంది కాబట్టి బాఫిల్‌ను రాతితోనే చేయించాలి. పలక అన్నది ఊఫర్‌ను కదలకుండా పట్టుకుని నోరు మూసుకుని ఉండాలనీ, మోగే పలక ప్రతి పాటలోనూ తన స్వరం కలుపుతుందనీ వడ్రంగి వాదించాడు. మందపాటి ప్లైవుడ్ వేసి వెనక అడ్డకర్ర బిగిస్తే చాలన్నాడు. అతనికి కుప్‌గల్ గురించి చెప్పాను. రాయి కోసేవాడి దగ్గరికే వెళ్లమన్నాడు. వెళ్లాను. రంధ్రం కోయడానికి బండ అక్కడే ఉంది, వారం నుంచి.

ఈలోగా ఇంటికి చుట్టాలొస్తే ఒక ఉపాయం. 60 హెర్ట్జ్ కిందిదంతా తెర వెనక దాచిన పెట్టె సబ్‌ఊఫర్‌కు అప్పగించి, పలకను చూపించి, "చూశారా, ఉత్త పలక!" అనండి. నిజానికి తెలిసినవాళ్లు కూడా చాలామంది ఇలాగే చేస్తారు, కాకపోతే తెర కట్టరు.

ఆ సబ్‌ఊఫర్ పెట్టడానికి చోటు కావాలని నాయనను కాస్త జరగమన్నాను. కచేరీలో మృదంగం తని ఆవర్తనం నడుస్తోంది, అది అయ్యేదాకా అక్కడినుంచి లేవనన్నాడు.