కాగితాలు మన చేతిలో ఉండేవి

అమెరికా సిటిజన్ సంబంధం అంటే మా రోజుల్లోనూ గొప్పే. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అబ్బాయి డాక్టరా అని అడిగాక రెండో ప్రశ్న అదే. 1965లో చట్టం మారాక వెళ్లినవాళ్లు అప్పటికి పౌరసత్వం తీసుకుని, నాలుగు వారాలు సెలవు పెట్టుకుని పెళ్లి చేసుకోవడానికి వచ్చేవారు. పౌరుడి భార్యకు కోటా లేదు, ఏళ్ల తరబడి వరసలో నిలబడే పని లేదు. ఇప్పటికీ అంతే. మారిపోయింది మన పిల్లల తీరు.

నేను 1983లో అమెరికా వచ్చాను. మా వారు ఇక్కడ నా కోసం ఐ-130 పిటిషన్ వేశారు. అక్కడ నా కాగితాలన్నీ నేనూ మా నాన్నగారూ తిరిగి సంపాదించాం. ఇంట్లో పుట్టినదాన్ని, బర్త్ సర్టిఫికెట్ లేదు. రికార్డు లేదని మున్సిపాలిటీ ఇచ్చిన కాగితం ఒకటి, మా మేనమామ అఫిడవిట్ ఒకటి, మా అమ్మ పురిటప్పుడు పక్కనే ఉన్న పెద్దమ్మ అఫిడవిట్ ఒకటి. ఎస్సెల్సీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొట్టిగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే దానికి మరో అఫిడవిట్. ఫొటోకి కుడి చెవి కనపడాలి. అప్పటి రూలు అది, 2004 దాకా ఉంది. జడ వెనక్కి వేసి, మొహం పక్కకి తిప్పి కూర్చోమంటే స్టూడియో అతనికి అర్థం కాక మూడుసార్లు తీశాడు. ఫైల్లో ఏ కాగితం ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

మద్రాసులో జెమిని ఫ్లైఓవర్ దగ్గర అమెరికా కాన్సులేట్. తెల్లవారకముందే క్యూ. పెళ్లికి ముందు ఎన్నిసార్లు కలిశారని అడిగాడు ఆఫీసరు. ఒక్కసారి, పెళ్లిచూపుల్లో అన్నాను. మా వారు రాసిన ఉత్తరాలు, ఆ నీలం ఏరోగ్రాములు, దారం కట్టి తీసుకెళ్లాను. తెలుగు చదవడం రాకపోయినా ఆఫీసరు ఒక్కొక్కటీ తిప్పి పోస్టు ముద్రల మీద తేదీలు చూశాడు. నాకు ముందు నిలబడ్డ అమ్మాయిని భర్త పేరు అడిగితే నోరు పెగల్లేదు. మొగుడి పేరు పలకకూడదని పెంచిన ఇల్లు. చివరికి కాగితం మీద రాసి చూపించింది. ఆయన చదివి, మరో మాట అడగకుండా తల ఊపాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి తేల్చేవారు. వీసాతోపాటు చింపకూడని సీలు కవరు ఒకటి. ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము కూడా వెంట తెచ్చుకోవాలి. అది మడత పడకుండా న్యూయార్క్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇప్పుడు వాట్సాప్ మాటలు వందల పేజీలు, ప్రీవెడ్డింగ్ షూట్ ఫొటోలు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, ఇన్సూరెన్సు అన్నీ స్కాన్ చేసి పెడుతున్నారు. ఇంత పోగేసే ఓపిక ఉంది గాని, ఏ ఫారం మీద సంతకం పెట్టారో చదివే ఓపిక లేదు. లాయరు చూసుకుంటారు, ఆయన చూసుకుంటారు. అడిగితే ఇదే జవాబు.

చదవాల్సింది మాకంటే వీళ్లకే ఎక్కువ. నాకు వచ్చిన గ్రీన్ కార్డుకి షరతు లేదు. 1986 నవంబరులో దొంగ పెళ్లిళ్లను ఆపాలని చట్టం తెచ్చాక, పెళ్లయి రెండేళ్లు నిండని జంటకి షరతు మీదే కార్డు ఇస్తున్నారు. దాని గడువు రెండేళ్లు. అది తీరే ముందు 90 రోజుల్లో, షరతు తీయించుకోవడానికి ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. వేయకపోతే హోదా దానంతటదే పోతుంది. 1997 డిసెంబరు నుంచి ఐ-864 అని మరొకటి వచ్చింది. భార్యని పేదరిక రేఖకి 125 శాతం ఆదాయంతో పోషిస్తానని భర్త ప్రభుత్వానికి రాసిచ్చే పూచీ అది. విడాకులైనా ఆ పూచీ తీరదు. ఆవిడ పౌరురాలు కావాలి, లేదా 40 క్వార్టర్ల పని లెక్కలోకి రావాలి, లేదా హోదా వదిలి దేశం విడిచి వెళ్లాలి, లేదా ఇద్దరిలో ఒకరు పోవాలి. అది అబ్బాయికీ తెలియదు, అమ్మాయికీ తెలియదు. సంబంధం కుదిర్చిన పెద్దలకి అసలే తెలియదు. కట్నం, లాంఛనాలు పైసాతో సహా మాట్లాడుకునే పెద్దలు దీని ఊసెత్తరేం?

అప్పుడు అన్నీ బాగున్నాయని నేను అనను. 1986 తర్వాత కొన్నేళ్లు కొట్టే మొగుడు సంతకం పెట్టనంటే ఆడపిల్లకి దిక్కుండేది కాదు. "నీ కాగితాలు చింపేస్తా, విమానం ఎక్కిస్తా" అనే మాట నేను చెవులారా విన్నాను. 1990లో చట్టం సవరించి అలాంటి భర్త సంతకం లేకుండానే షరతు తీయించుకునే దారి ఇచ్చారు. అసలు కార్డే రానివాళ్లు తమంతట తామే పిటిషన్ వేసుకునే వీలు 1994లో వచ్చింది. ఆ పిటిషన్ సంగతి భర్తకి చెప్పరు. ఇన్ని హక్కులు ఉండీ ఇప్పుడు కూడా ఆ బెదిరింపుకి భయపడే పిల్లలు ఉన్నారంటే నాకు కడుపు రగిలిపోతుంది. చదువుకోనివాళ్లా? ఎంటెక్‌లు చేసినవాళ్లు.

మా వీధి చివర ఉండే అమ్మాయి కూడా తన కాగితాలు చదవని పిల్లే. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు కార్డు చూపించమన్నాను. పర్సులోంచి తీసింది. సీఆర్1 అని ఉంది, అంటే షరతు కార్డే. గడువు వచ్చే ఏడాది ఆగస్టు.

"అది పదేళ్ల కార్డు కాదా ఆంటీ?" అంది.

"కేసు నంబరు, ఫారాల నకళ్లు ఎక్కడున్నాయమ్మా?"

"అన్నీ ఆయన ఈమెయిల్లోనే ఉన్నాయి ఆంటీ. ఆయనే చూసుకుంటారు."

అతను మంచివాడే, నేనేమీ అనను. కానీ ఐ-751 వేయాల్సింది ఆ పిల్ల, హోదా పోతే పోయేది ఆ పిల్లది. అన్నీ తన ఈమెయిలుకి పంపించుకోమని, ఒక కాపీ అచ్చు వేసి వాళ్ల అమ్మగారి దగ్గర ఉంచమని ఆ రోజే చెప్పాను. ఉగాది కూడా వెళ్లిపోయింది. ఇంకా అడగలేదట.