పెన్సిల్‌కు పల్స్ బాగుంది!

2021 కోవిడ్ సెకండ్ వేవ్‌లో కొన్ని నకిలీ ఆక్సీమీటర్లు పెన్సిల్‌కు కూడా ఆక్సిజన్ అంకె చూపించిన వీడియోలు ఫోన్లలో తెగ తిరిగాయి. పెన్సిల్ క్షేమమే, రోగి సంగతే తేలలేదు.

ఆ జూలైలో కేంద్రం మేల్కొని ఆక్సీమీటర్లపై వ్యాపారి లాభానికి 70 శాతం దగ్గర గీత గీసింది. అప్పటికి వేవ్ తగ్గింది.

ఆక్సీమీటర్‌లో ఎరుపు, పరారుణ కాంతులు వేలి నెత్తురు గుండా వెళ్లి ఆక్సిజన్ లెక్క తేలుస్తాయి. చల్లబడ్డ వేలూ, ముదురు నెయిల్ పాలిషూ ఆ లెక్క చెడగొడతాయి. నల్లని చర్మంపై అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ ఆ ఏడాదే హెచ్చరించింది. చామనచాయ దేశంలో దుకాణదారు మాత్రం ‘అందరికీ ఒకటే సార్’ అంటాడు.

గిరాకీ జేబులోంచి పెన్సిల్ తీస్తే చాలు, దుకాణదారు మొహం 98 నుంచి 85కి పడిపోతుంది.