రెండో కాపీ

నిడదవోలు దగ్గరి పల్లె నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని గోదావరి దాటి వచ్చేసిందామె. కడియంలో ఓ నర్సరీలో పనికి కుదిరింది. పొద్దుటి నుంచి నల్ల కవర్లలో మట్టి నింపడం, గులాబీ అంట్లు కట్టడం. వేళ్లకి ముళ్లు గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్లీ పనిలో పడేది. ఎక్కడుందో మొగుడికి తెలీదు. అయినా రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునేది.

తల్లి ఊరుకోలేదు. రాజమండ్రి తీసుకొచ్చి, గృహహింస చట్టం కింద కేసు వేయించింది. అర్జీలో ధవళేశ్వరంలోని తల్లి ఇంటి చిరునామాయే ఇచ్చారు. వాయిదాలకి అతను రానేలేదు. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలంటుంది చట్టం. ఈ కేసు ఆ గడువులోనే తేలింది.

ఆఖరి వాయిదా ముందు ఆమే అడిగింది. "లాయరమ్మగారూ, ఆడు నా పని దగ్గరికీ, పిల్ల బడి దగ్గరికీ రాకూడదని రాయించండి."

"రాయిస్తానమ్మా. పేర్లు సరిగ్గా చెప్పు. రేపు ఏ చోటనే పేచీ రాకూడదు."

ఒక్కో పేరూ రెండేసిసార్లు అడిగి రాసుకుందా లాయరు.

రక్షణ ఉత్తర్వు వచ్చింది. చట్టం ప్రకారం ఆమెకో కాపీ, మొగుడికో కాపీ, పోలీస్ స్టేషన్‌కో కాపీ. పైసా ఖర్చు లేదు. తల్లి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

"అమ్మగారూ, ఈ కాగితం ఉన్న మనిషిని చంపితే శిక్ష ఎక్కువ పడుద్దాండి?"

లాయరు కాసేపు మాట్లాడలేదు. "హత్యకి ఎంతో అంతేనమ్మా. యావజ్జీవమో, ఉరో. న్యాయ సంహిత 103వ సెక్షన్‌లో ఈ కాగితం ఊసు లేదు. ఉత్తర్వు మీరినందుకు విడిగా అయితే ఏడాది దాకా జైలు, లేదంటే ఇరవై వేల దాకా జరిమానా. రెండూ వేయొచ్చు."

"మరి ఆడికి భయమేటండి?"

ఆ ప్రశ్న పార్లమెంటు దాకా వెళ్లాల్సింది. 2024 జూలైలో పాత ఐపీసీని పక్కనపెట్టి న్యాయ సంహితను అమల్లోకి తెచ్చినప్పుడైనా ఎవరో ఒకరు అడగాల్సింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, తన జోలికి రావద్దని ఉత్తర్వు తెచ్చుకున్న మనిషిని చంపడం మరణశిక్షకు మొగ్గే కారణాల్లో ఒకటని చట్టంలోనే రాసుకుంది. కోర్టు వద్దని చెప్పాక వచ్చి చంపినవాడూ, చెప్పకముందు చంపినవాడూ ఒకటెలా అవుతారు?

నెల తిరక్కుండానే, పట్టపగలు, మొక్కల వరసల మధ్య పొడిచేశాడు. పారిపోలేదు. అక్కడే దొరికాడు.

ఎస్సై గట్టిగా అడిగాడు. "ఇన్నాళ్లూ జాడ తెలీలేదు కదరా. ఇక్కడుందని నీకెవడు చెప్పాడు?"

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసిచ్చాడు. వెళ్లకూడని చోట్లు వరసగా ఉన్నాయి అందులో. నర్సరీ పేరు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"కోర్టువారే పంపారండి."