పండగ సందర్భంగా క్యాంపస్ మూయబడును

చదువుకోవడానికొచ్చిన పిల్లాడు పుస్తకం అటకెక్కించి సంపాదనలో పడిపోతాడేమోనని అమెరికా సర్కారుకి మహా బెంగ. అందుకే ఎఫ్‌-1 వీసా మీద వచ్చిన విద్యార్థి మొదటి ఏడాది క్యాంపస్‌లోనే పని చెయ్యాలి, అదీ క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు అని రూలు పెట్టింది. అలాగని మరీ కనికరం లేని సర్కారేం కాదు. సెలవుల్లో అయితే వారమంతా పని చేసుకోవచ్చునని వెసులుబాటు కూడా ఇచ్చింది. కాకపోతే అదీ క్యాంపస్‌లోనే. సెలవులిచ్చాక క్యాంపస్‌కి తాళం పడుతుంది.

ఈ రూలుకీ ఆ తాళానికీ మధ్య ఇరుక్కున్న బోలెడు మందిలో మా మేనల్లుడొకడు. డాలస్ పక్కన ఒక యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. చదువు లేని వేళల్లో అక్కడి డైనింగ్ హాల్లో ఎంగిలి ప్లేట్లు తీసి మిషన్లో పెడుతుంటాడు. విజయవాడలో ఉన్నన్నాళ్లూ తిన్న కంచం తియ్యమంటే ఇంట్లో మహాభారతం జరిగేది. ఈ పనిని వాడు వాళ్లమ్మకి "క్యాంపస్ జాబ్" అని చెప్పాడు. మా అక్కయ్య ఎదురింటావిడకి "యూనివర్సిటీలో ఉద్యోగం" అని చెప్పింది. కబురు వీధి చివరికి చేరేసరికి వాడు లెక్చరరైపోయాడు. టెక్సస్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009లో ఎంతో ఇప్పుడూ అంతే. మన ఉద్యోగులు డీఏ బకాయిల కోసం రోడ్డెక్కినప్పుడల్లా "అమెరికాలో ఇలాంటి గొడవలుండవు" అంటుంటారు మా బావగారు. నిజమే, డీఏ ఉంటే కదా.

2024-25 లెక్క ప్రకారం అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. మరే దేశం వాళ్లూ అంతమంది లేరు. అందులో తెలుగువాళ్ల వాటా ఏపాటిదో తెలుసుకోవడానికి మావాడుండే అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు విడిచిన చెప్పులు చూస్తే చాలు. వీళ్లలో చాలామందికి చిన్నతనం నుంచీ డేటా అంటే ప్రాణం. అమీర్‌పేట కన్సల్టెన్సీ వాడు అడ్మిషన్ కోసం రాసిచ్చిన వ్యాసంలో అలాగే ఉంది. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకి ఆస్తి చూపించాలి గనక మా బావగారి ఇంటి కాగితాలు ప్రస్తుతం బ్యాంకులో విశ్రాంతి తీసుకుంటున్నాయి. డాలరేమో 2025 చివర్లో తొంభై రూపాయల దగ్గర ఊగింది. మావాడు కాఫీ తాగుదామని వెళ్లి, బోర్డు మీది ధరని తొంభైతో హెచ్చవేసి, మంచినీళ్లు తాగి వస్తుంటాడు.

పండగల సీజన్‌కి నాందిగా నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఊరికే వచ్చిన ఆ గంటని మావాడు నిద్రలో ఖర్చు పెట్టేశాడు. మార్చి రెండో ఆదివారం దాన్ని తిరిగి లాక్కుంటారని అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ అక్కయ్య మాత్రం రోజూ చేసే వేళకే ఫోన్ చేసి, వాడు ఇంకా డైనింగ్ హాల్లోనే ఉన్నాడని తెలిసి, "దిక్కుమాలిన యూనివర్సిటీ, పిల్లాడి చేత గంట ఎక్కువ చేయిస్తోంది" అని కంట తడి పెట్టుకుంది.

నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్. తిథి నక్షత్రాలతో నిమిత్తం లేని పండగ గనక, మనకి మల్లే దృక్కు పంచాంగమా పూర్వ పంచాంగమా అని తేదీ దగ్గర పేచీ ఉండదనుకుంటాం. 1939లో ఆ ముచ్చటా జరిగింది. లింకన్ కాలం నుంచీ నవంబరు చివరి గురువారం చేసుకునేవారు. ఆ ఏడు నవంబరులో గురువారాలు ఐదు పడ్డాయి, చివరిది 30న. ఈ పండగ అయితేగాని క్రిస్మస్ బేరాలు ఊపందుకోవు, మాకు రోజులు చాలవు మహాప్రభో అని దుకాణదారులు మొరపెట్టుకుంటే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండగని వారం ముందుకి, 23కి జరిపేశాడు. ఇంచుమించు సగం రాష్ట్రాలు సరేనన్నాయి, తక్కినవి ససేమిరా అన్నాయి. టెక్సస్ ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేక రెండు గురువారాలూ పండగే అంది. చివరికి 1941లో చట్టం చేసి నాలుగో గురువారం ఖాయం చేశారు. కొట్టువాణ్ని అడిగి పండగ పెట్టుకున్న దేశమని వెక్కిరించేవాణ్నే గాని, అక్షయ తృతీయ నాడు మా ఇంటిల్లిపాదీ ఎక్కడ లైన్లో నిలబడి ఉంటారో నాకు తెలుసు.

విదేశీ పిల్లలు పండగపూట ఒంటరిగా ఉండకూడదని అక్కడి చర్చివాళ్లు తలా ఒకర్ని ఒక్కో ఇంటికి భోజనానికి పంపుతారు. మంచి పని. మావాణ్ని రిటైరైన దంపతులు పికప్ ట్రక్కులో వచ్చి తీసుకెళ్లారు. వట్టి చేతులతో ఎలా వెళ్తామని వీడు డబ్బాలో పులిహోర పట్టుకెళ్లాడు. వాళ్ల మనవలు అందులోంచి వేరుశనగ పప్పులు ఏరుకుని తిని, తక్కింది మర్యాదగా వదిలేశారు. బల్ల మీద టర్కీ కోడి, ముద్ద చేసిన బంగాళాదుంప, క్రాన్‌బెర్రీ పచ్చడి, గుమ్మడికాయ తీపి. ఇవిగాక బీన్స్ కాసరోల్ అని ఒకటుంది. ఇది మా వంశంలో తరతరాలుగా వస్తున్న వంట అంది ఆ పెద్దావిడ. నిజానికి దాన్ని 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వాళ్లు, తమ సూపు డబ్బాలు ఖర్చవ్వాలని, సొంత వంటింట్లో కనిపెట్టారు. ఆ సంగతి మావాడికి తెలీదు. తెలిసినా చెప్పేవాడు కాదు, రెండోసారి వడ్డించుకున్నాడు.

భోజనానికి ముందు ఒక తంతు ఉంది. బల్ల చుట్టూ కూచున్నవాళ్లు ఒక్కొక్కరే తాము ఎవరికి రుణపడి ఉన్నారో చెప్పాలి. ఆరోగ్యానికీ మనవలకీ కొత్త మోకాలికీ కృతజ్ఞతలు అయ్యాక వంతు మావాడికొచ్చింది. రుణం అనగానే వాడికి ఒకే మొహం గుర్తొచ్చింది. "మా ఇంటి కాగితాలు దాచిపెట్టిన బ్యాంకు మేనేజరుగారికి" అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇండియాలో బ్యాంకువాళ్లు జనం కాగితాలు అంత భద్రంగా చూసుకుంటారా అని ఆయన ఆశ్చర్యపోయాడట.

వస్తూ వస్తూ మిగిలిన టర్కీని డబ్బాకెత్తించి పంపారు. రెండు పడగ్గదుల ఇంట్లో ఐదుగురు కుర్రాళ్లు. హాల్లో పడుకునేవాడికి అద్దె తక్కువ, తొక్కుళ్లు ఎక్కువ. డబ్బా మూత తియ్యగానే ఐదుగురూ ఏకగ్రీవంగా బిర్యానీ అన్నారు. నూనె కాగింది, షాజీరా పడింది, ఉల్లిపాయలు ఎర్రబడ్డాయి, పచ్చిమిర్చీ అల్లంవెల్లుల్లీ కలిపి వేసేసరికి ఇంటి కప్పుకి బిగించిన పొగ అలారం గొంతెత్తింది. ఒకడు కిటికీ తెరిచాడు, టెక్సస్ చలి లోపలికొచ్చింది. ఒకడు కుర్చీ ఎక్కి టవలుతో దేవుడికి వింజామర వీచినట్టు అలారానికి వీస్తున్నాడు. ఇంకొకడు స్టవ్ ఆపబోతే, "ఆపకురా, అడుగంటుద్ది" అని గుంటూరువాడు చెయ్యి పట్టుకున్నాడు. అర్ధరాత్రి పన్నెండింటికి తలుపు కొట్టిన పక్కింటి నల్లాయన తిట్టడానికే వచ్చాడు. వెళ్లేటప్పుడు చేతిలో పళ్లెం ఉంది. ఆ రాత్రి ఖర్చులన్నీ, పక్కింటాయన వాటాతో సహా, తెల్లారేలోగా స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఐదు భాగాలైపోయాయి.

అన్నట్టు ఆ పండగకే ఏటా శ్వేతసౌధంలో టర్కీ కోళ్లకి క్షమాభిక్ష పెడతారు. 1989లో పెద్ద బుష్ మొదలెట్టిన ఆచారం. దేశమంతా కోట్ల కోళ్లు పొయ్యిలోకి వెళ్తుంటే ఒకటో రెండో కెమెరాల ముందు బతికి బయటపడతాయి. మావాడు ఆ వార్త చూసి "ఇది కూడా లాటరీయేనా మావయ్యా?" అన్నాడు. ఏడాదికి 85 వేల హెచ్‌-1బి ఉద్యోగ వీసాల కోసం లాటరీ తీసే దేశంలో కోళ్లకి వేరే పద్ధతి ఎందుకుంటుంది?

థాంక్స్ గివింగ్ మర్నాడు బ్లాక్ ఫ్రైడే. ముందు రోజు రాత్రి ఉన్నదానితో తృప్తి పడుతున్నామని ప్రకటించినవాళ్లు తెల్లారకముందే లేనిదాని కోసం బయల్దేరతారు. మావాడూ వెళ్లి మంచి చలికోటు ఒకటి తెచ్చుకున్నాడు. దాని చీటీ తెంపలేదు, లోపలికి మడిచి తొడుక్కున్నాడు. పండగ కొనుగోళ్లని జనవరి ఆఖరుదాకా వెనక్కిచ్చుకోవచ్చునన్నది సీనియర్ల ఉపదేశం. "మరి చలి ఫిబ్రవరిలో కూడా ఉంటుంది కదరా?" అన్నాను. "ఫోటోలు డిసెంబర్లోనే కదా మావయ్యా" అన్నాడు. మనవాళ్ల పిల్లలు అక్కడికి వెళ్లి తెలివి మీరిపోతున్నారనడం అన్యాయం. ఇక్కడి నుంచే తీసుకెళ్లారు.

డిసెంబరు రెండో వారానికి పరీక్షలయ్యాయి. అమెరికన్ పిల్లలు సూట్‌కేసులీడ్చుకుంటూ ఇళ్లకెళ్లారు. డైనింగ్ హాలు మూశారు, లైబ్రరీ మూశారు, యూనివర్సిటీ బస్సు ఆపేశారు. ప్రభుత్వం వారు పూర్తికాలం పనికి ఇచ్చిన అనుమతి మావాడి జేబులో ఉంది, ఎంగిలి ప్లేటు మాత్రం కనుచూపు మేరలో లేదు. ఇండియా వద్దామంటే పండగ రోజుల్లో టికెట్టు ధర విని మా బావగారే "ఇక్కడేముందిరా, ఉన్నచోటే ఉండు" అన్నారు. కూరగాయలు కావాలంటే కారున్న సీనియర్ కటాక్షం కావాలి. ఆయనకి పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెట్టాలి, పెట్రోలు డబ్బులివ్వాలి, దారిపొడుగునా ఆయన పెట్టిన పాటలే వినాలి, ఇంటర్వ్యూల గురించి చెప్పే ప్రవచనానికి ఊఁ కొట్టాలి. కారు ముందు సీట్లో ఎవరు కూచోవాలన్న దాని మీద మనవాళ్లు కులసంఘాల స్థాయిలో చీలిపోయారని వినికిడి.

ఆ సీనియరే దయదలచి ఒక రాత్రి వీళ్లని ప్లేనోలో డీర్‌ఫీల్డ్ అనే పేటకి తీసుకెళ్లాడు. క్రిస్మస్‌కి అక్కడి ఇళ్లు చూరు నుంచి చెట్టు కొమ్మలదాకా దీపాలతో వెలిగిపోతుంటాయి, చూడ్డానికి కార్లు నత్తనడకన బారులు తీరతాయి. అందరికంటే పెద్ద ఇంటి ముందు, సీనియర్ కారుకి చేరగిలబడి, వెనక్కిచ్చెయ్యబోయే కోటు వేసుకుని మావాడు ఫోటో దిగాడు. అందులో వాడి సొంతమని చెప్పదగ్గది మొహమొక్కటే. జనవరి 1న ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడి గుడికెళ్లి, క్లాసులూ వీసాలూ ఉద్యోగాలూ మొక్కుకుంటున్న మనవాళ్ల లైన్లో నిలబడి, ప్రసాదంతో ఆ పూట గడిపేశాడు.

ఈలోగా ఇక్కడ అక్కయ్య ఆ ఫోటోని పెళ్లిళ్ల పేరయ్యకి పంపింది. రెండ్రోజుల్లో ఏలూరు నుంచి ఒక ఆడపిల్ల తండ్రి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టారు, నేనూ విన్నాను. ఆయన కట్నం ఊసెత్తలేదు. "అబ్బాయిది స్టెమ్ కోర్సేనా? అయితే చదువయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ 12 నెలలకి 24 కలిపి 36 వస్తాయి. 2025 సెప్టెంబరులో హెచ్‌-1బి మీద ట్రంప్ పెట్టిన లక్ష డాలర్ల ఫీజు దేశం లోపలుండి వీసా మార్చుకునేవాడికి వర్తించదటండీ, నేను వాకబు చేశాను" అన్నాడు. మా బావగారికి ఇందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. అన్నింటికీ అవునండీ అన్నారు.

"అన్నీ బాగానే ఉన్నాయి గాని బావగారూ," అన్నాడు ఆయన చివర్లో, "ఈ దీపాల ఇంటి ముందు దిగిన ఫోటో పంపిన సంబంధాల్లో మీది మూడోది. ఆ ఇంటాయనకి పెళ్లీడుకొచ్చిన కొడుకులెవరైనా ఉన్నారేమో మీ అబ్బాయిని కాస్త కనుక్కోమంటారా?"