అంతా పరిమితుల్లోనే ఉంది

పిడుగురాళ్ల వచ్చిందని బస్సులో కండక్టరు కేక వేయనక్కర్లేదు. కిటికీలోంచి కనిపించే వేపచెట్లు సున్నపు ధూళికి తెల్లబడితే ఊరు వచ్చినట్టే. కొత్తవాళ్లు అది చూసి కంగారు పడతారు. కాలుష్యం గురించి ఎవరు ఎప్పుడు అడిగినా పైనుంచి వచ్చే జవాబు మాత్రం ఒకటే: అంతా పరిమితుల్లోనే ఉంది.

ఆ పరిమితి ఏమిటో తెలుసుకున్నాక నాకు ధూళి మీద గౌరవం పెరిగింది. 2009 నవంబరులో కేంద్రం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, 10 మైక్రాన్ల లోపు ధూళి ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు దాటకూడదు. కిటుకంతా ఆ సగటులోనే ఉంది. రాత్రి రెండింటికి పొగ కమ్మి పసివాడు దగ్గి దగ్గి లేచి కూర్చున్నా, మధ్యాహ్నం గాలి కాస్త తెరిపి ఇచ్చిందా, లెక్క సరిపోయింది. ఆ పసివాడు కూడా పగలు కొంచెం తక్కువ దగ్గి సర్దుకోవాలి. ఇక ఏడాది సగటు 60. దానికి వారానికి రెండు రోజుల చొప్పున కనీసం 104 రోజులు కొలిస్తే చాలు. మిగిలిన 261 రోజులు ధూళి ఎక్కడ తిరిగిందని అడగడం మర్యాద కాదు.

ఈ ధూళి పుట్టే సున్నపు బట్టీల సంగతి చూద్దాం. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే 100 కిలోల రాయికి 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తాయి. ఇవి కాగితం లెక్కలు. బట్టీలో పనిచేసేవాడి లెక్క వేరు. తడి తగిలితే సున్నం ఉడుకుతుంది. మే నెలలో చెమట కారే మెడ మీద ఆ పొడి పడితే ఎలా ఉంటుందో తువ్వాలు ముక్కుకు చుట్టుకుని బట్టీ దించేవాడిని అడగండి. ఊపిరితిత్తుల్లోనూ తడే ఉంటుంది కానీ, అక్కడికి వెళ్లి కొలవమని ఏ ప్రమాణమూ చెప్పలేదు.

ఇంత మాత్రాన సున్నం వద్దు, సిమెంటు వద్దు అనడం లేదు. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ 1958 నుంచీ ఉంది. దాని మీద బతికిన కుటుంబాలున్నాయి. జీతం తీసుకున్నవాడు దుమ్ము గురించి మాట్లాడకూడదన్న షరతు మాత్రం ఎవరు పెట్టారో తెలియదు. నోరెత్తితే చాలు, అభివృద్ధి నిరోధకుడు.

రైతుల్లోనూ అందరిదీ ఒకే ఇబ్బంది కాదు. పత్తి వేసినవాడు అదృష్టవంతుడు, తెల్లదాని మీద తెల్లది పడితే కనపడదు. మిర్చి వేసినవాడికే తంటా. ఆకు మీద పూత, కల్లంలో ఆరబోసిన కాయ మీద పూత. యార్డుకు తీసుకెళితే వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, విదిలించి, వేళ్ల వంక చూసుకుని రేటు చెబుతాడు. ఆ వేళ్లకు అంటిన దానికి పరిమితి లేదు.

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని పల్నాడు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఈ సీమలో అంత సమానంగా వడ్డన జరుగుతున్నది ధూళికే. అద్దాలెత్తుకుని ఏసీ కార్లలో వచ్చి పోయేవాళ్లకు మాత్రం విస్తరి వేయరు.

సున్నపురాయి కోసం తవ్విన గుంతల సంగతి ఇంకా రసవత్తరం. కోనంకి, కేసానుపల్లి, నడికుడి ప్రాంతాల్లో సున్నపురాయిని అక్రమంగా తవ్వుకుపోయారన్న వ్యవహారం 2020 ఆగస్టులో సీబీఐ కేసు దాకా వెళ్లింది. అనుమతి ఉన్న గనికి మూసివేత ప్రణాళిక ఉండాలి: గుంత పూడ్చాలి, కంచె వేయాలి, మొక్కలు పెంచాలి. అక్రమంగా తవ్విన గుంతకు ఈ బాదరబందీ లేదు. అది కాగితం మీద లేనే లేదు కాబట్టి దానికి యజమానీ లేడు. యజమాని లేని గుంత రాత్రిపూట వ్యర్థాలు దించడానికి లైట్లార్పుకుని వచ్చే లారీకి ఉచిత సత్రం. తెల్లారాక ఊరివాళ్లు చూసి ఫిర్యాదు చేస్తే మొదటి ప్రశ్న, గుంత ఎవరిది? రెండో ప్రశ్న, లారీ నంబరు రాసుకున్నారా? మూడో ప్రశ్న దాకా వెళ్లినవాళ్లు అరుదు.

పట్టుబడితే మాత్రం ఏమంత ప్రమాదం? పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒకప్పుడు 5 ఏళ్ల దాకా జైలు అని రాసి ఉండేది. జన్ విశ్వాస్ సవరణ వచ్చాక, 2024 ఏప్రిల్ నుంచి, దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల జరిమానా. కట్టేస్తే జైలు మాటే లేదు. ఖర్చుల పద్దులో డీజిల్ కింద ఇంకో గీత.

ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవమని, మొక్కలు నాటడం మాత్రం తప్పదు. రెంటచింతల ఎండలో ఆ మొక్క ఫొటో దిగేదాకా నిలబడితే అదే గొప్ప.

ప్రమాణాల కింద చిన్న అక్షరాల్లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కొలిచిన రోజుల్లో నూటికి 98 రోజులు పరిమితిలో ఉంటే చాలు. మిగిలిన 2 శాతం దాటవచ్చు, వరుసగా రెండు కొలతల రోజుల్లో మాత్రం దాటకూడదు. ఏడాదంతా కొలిచినా సుమారు ఏడుంపావు రోజులు. అధికారులకు మాదొక్కటే విన్నపం. ఆ రోజులేవో ఉగాదికి ముందే పంచాంగంలో వేయించండి. ఆ పూట కల్లంలో కాయ ఆరబోయం, పెళ్లి ముహూర్తాలు పెట్టుకోం. ఆ పావు రోజు పగలో రాత్రో కూడా తేల్చి చెబితే, ఆరుబయట మంచాలు వేసుకోవాలో వద్దో చూసుకుంటాం.