మీటరులోంచి తీసిన బ్యాటరీ

నా దగ్గర మల్టీమీటరు ఉంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. మీటరు లేనివాడు బోర్డు కాల్చుకుంటే అయ్యో పాపం అనొచ్చు. బీరువాలో పెట్టుకుని కాల్చుకున్నవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

తునిలో కాపురం ఉంటూ పెరట్లో రెండు మామిడి అంట్లైనా లేకపోతే నామోషీ. మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటికి నీళ్ళు పోసే పనికి మనిషీ ఉన్నాడు, నేనే. రిటైరయ్యాక చేతులు ఊరుకోవు కదా, ఆ మనిషి ఉద్యోగం ఊడగొడదామని ఓ ఆర్డునో ఊనో బోర్డు తెచ్చాను. మట్టిలో తేమ చూసే సెన్సరు, రెండు రిలేలు, చిన్న డిస్‌ప్లే, ఓ బుల్లి పంపు. కరెంటుకి పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ, దానిమీద సోలార్ ప్యానెల్. ఊనో జాక్‌కి 7 నుంచి 12 వోల్టులు ఇవ్వమంటారు. బ్యాటరీ మీద 12 అనే రాసుంది. ఎండలో చార్జి అవుతున్నప్పుడు అదే బ్యాటరీ 13 దాటి 14 దాకా పోతుందని నాకు తట్టలేదు.

రెండోరోజే జాక్ పక్కనున్న నల్లటి రెగ్యులేటరు మీద వేలు పెడితే చుర్రుమంది. రోహిణీ కార్తె కదా, ఎండ అన్నాను. రాత్రి పదింటికీ చుర్రుమంది. పగటి వేడి ఇంకా దిగలేదన్నాను. మా ఆవిడ “ఊఁ” అని ఊరుకుంది.

ఇక్కడ నా తెలివి పతాకస్థాయికి చేరింది. రెగ్యులేటరుకి గాలి తగలాలని 5 వోల్టుల చిన్న ఫ్యాను బిగించాను. దానికి కరెంటు ఎక్కణ్ణుంచి ఇచ్చానంటారా? ఆ బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచే. ఆ పిన్నుకి కరెంటు పంపేది ఆ రెగ్యులేటరే! చల్లార్చాల్సినదాని నెత్తిన ఇంకాస్త బరువు పెట్టానన్నమాట. అప్పట్నుంచి బోర్డు ఉన్నట్టుండి ఆరిపోవడం, కాసేపటికి తనంతట తనే లేవడం మొదలుపెట్టింది.

సెలవులకొచ్చిన మేనల్లుడు చూసి నవ్వాపుకోలేకపోయాడు. కాకినాడ జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. “మావయ్యా, 13 వస్తే 5 ఉంచుకుని మిగతా 8 వోల్టుల్నీ గంజి వార్చినట్టు వేడిగా వార్చేస్తుంది ఇది. నువ్వు 300 మిల్లీ యాంపులు లాగుతున్నావనుకో, దాదాపు రెండున్నర వాట్లు ఆ గోరంత ముక్కలోనే కాలుతున్నట్టు. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోడానికి ఆపేసుకుంటుంది. బక్ కన్వర్టరు పెట్టు” అన్నాడు. ఎల్‌ఎం2596 చిప్ ఉన్న మాడ్యూల్ తెప్పించాడు కూడా. అది కరెంటుని సెకనుకి లక్షన్నర సార్లు తెరిచి మూస్తూ, కాయిల్, కెపాసిటర్లతో చదును చేసి దింపుతుందట. నష్టం ఇరవై శాతం అటూఇటూ. బ్యాటరీ మీద భారం సగానికి తగ్గుతుంది. “నీలం డబ్బా మీది ఇత్తడి స్క్రూ తిప్పి, మీటరులో 5 చూశాకే బోర్డుకి కలుపు” అని మరీ మరీ చెప్పి రైలెక్కాడు.

మీటరు తీశాను. వెలగలేదు. అందులో ఉండాల్సిన 9 వోల్టుల బ్యాటరీ లేదు. మొదట్లో ఆర్డునోని బల్ల మీద నడిపించి చూడాలన్న ఆత్రంలో దాన్ని పీకింది నేనే. రిలేలు దాన్ని తాగేశాయి. కొత్తది పక్క వీధిలో దొరుకుతుంది. చెప్పులు వేసుకోడానికి బద్ధకించాను.

మాడ్యూల్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. స్క్రూ రెండు మూడు చుట్లు తిప్పాను. దీపంలో తేడా లేదు. 5 మీదే వచ్చుంటుంది, అమ్మేవాళ్ళు ఆ మాత్రం సెట్ చెయ్యకుండా పంపుతారా అనుకున్నాను. రెండు తీగలూ తిన్నగా 5 వోల్టుల పిన్నుకీ, గ్రౌండుకీ గుచ్చాను. ఆ పిన్ను దగ్గర రెగ్యులేటరు కాపలా ఉండదు. ఊనో మీది ఏటీమెగా328పీ చిప్ తట్టుకునే పై హద్దు 6 వోల్టులు. రిలేలు టకటకమన్నాయి. డిస్‌ప్లే ఒక్కసారి తెల్లగా మెరిసింది. తర్వాత వాసన.

సగం తప్పు కన్వర్టరుది, సగం నాది అని తుని తగవు తీర్చుకుందామనుకున్నాను. మర్నాడు బ్యాటరీ కొని మీటరు పెడితే ఆ దారీ మూసుకుపోయింది. కన్వర్టరు నిక్షేపంగా ఉంది, 12 పైచిలుకు చూపిస్తోంది. స్క్రూ ఎడమవైపు తిప్పుతూ పోయాను. చాలాసేపు అంకె కదల్లేదు, ఆ తర్వాత బుద్ధిగా దిగి 5 దగ్గర ఆగింది. ఈ రకం స్క్రూకి పాతిక చుట్ల దాకా ఉంటాయట. కదలకుండా దానిమీద మా ఆవిడ గోళ్ళరంగు ఓ చుక్క వేశాను. “ఇంతకీ ఫ్యాను తీసేశారా?” అని అడిగింది. తీసేశాను.

ఈ మాడ్యూల్ కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు, బోర్డు పక్కన పెట్టి ముందు అవుట్ కొసల మధ్య మీటరు పెట్టండి. 5 వచ్చాకే కలపండి. కలిపాక యూఎస్‌బీ తీగ కూడా గుచ్చి ఉంచకండి, రెండు వైపుల నుంచీ కరెంటు ఎదురెదురై కంప్యూటరు దాకా పోవచ్చు. మీటరులో బ్యాటరీ ఉందో లేదో మాత్రం ఇవాళే చూసుకోండి.