నిద్రకో ఈ-వే బిల్లు

ఈ వారమూ పేపర్లో ఆ ఫొటో పడింది. అర్ధరాత్రి దాటాక హైవే పక్కన లారీ ఆపించి, డ్రైవర్ చేతికి మగ్గుతో నీళ్ళందిస్తున్న పోలీసులు. కింద కార్యక్రమం పేరు: ‘ఫేస్ వాష్ అండ్ గో’. ముఖం కడుక్కున్నావా, ఇక పో.

పోలీసుల మీద నాకు కోపమేమీ లేదు. తెల్లవారుజామున మూడింటికి రోడ్డు మీద నిలబడి, ముక్కూమొహం తెలియనివాడి మొహానికి నీళ్ళిచ్చే శాఖ ఇంకోటి ఉంటే చూపించండి. నా చిరాకంతా ఆ మగ్గు వెనకున్న వైద్యం మీద. నిద్రంటే కళ్ళకంటుకున్న దుమ్మనీ, నీళ్ళు కొడితే వదులుతుందనీ ఎవరో తేల్చేశారు. ఆ లెక్కన ప్రమాదాలకు మూలం నీటి ఎద్దడి. వరికపూడిసెల ఎత్తిపోతల పథకం నీళ్ళు ఎప్పుడొస్తాయా అని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మా వెల్దుర్తి మండలంలో డ్రైవర్లు ఏం చేసి మేలుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఊళ్ళో నాకు బావ వరసయ్యే డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి తోలతాడు. ఫొటో చూపిస్తే నవ్వలేదు. ఫోన్ తీసి వాళ్ళ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు పంపిన రూటు చూపించాడు. ఇదివరకు ఓనరు ఫోన్ చేసి తిట్టేవాడట. ఇప్పుడు సాఫ్ట్‌వేరే రూటు వేస్తుంది, తిట్లు నోటిఫికేషన్లుగా వస్తాయి. రూటు చూడముచ్చటగా ఉంది. మిర్చి టిక్కీలు ఎక్కించడానికి ముఠావాళ్ళకు ఎంతసేపు, పట్టా కట్టడానికి ఎంతసేపు, ఏ టోల్‌గేటు ఎన్నింటికి దాటాలి, ఏ బంకులో డీజిల్ కొట్టించాలి, నాలుగో రోజు పొద్దున ఏ గోదాము ముందు నిలబడాలి... అన్నీ నిమిషాలతో సహా. ‘బ్రేక్’ అని ఒక గడి కూడా ఉంది. అందులో సున్నా.

‘‘మరి నీ నిద్రేది బావా ఇందులో?’’

‘‘మిర్చికి బిల్లుంది బావా. నిద్రకి లేదుగా. బిల్లు లేని సరుకు కంప్యూటర్‌కి ఎట్టా కనపడిద్ది?’’

నిజమే కదా. నిద్రను మనిషి అవసరమని చెప్పినంత కాలం ఈ దేశంలో ఏ కంప్యూటరూ పట్టించుకోదు. సరుకని చెప్పాలి. అందుకని జీఎస్టీ కౌన్సిల్ వారికి నాదొక విన్నపం: సరుకు రవాణాకు ఇచ్చే ఈ-వే బిల్లు డ్రైవర్ నిద్రకూ ఇప్పించండి.

ముందు సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కావాలి. ఎండుమిర్చికి 0904 ఉంది, నిద్రకు లేదు. ఏ తరగతిలో వేయాలో అధికారులు తర్జనభర్జన పడతారు కాబట్టి నేనే చెబుతున్నా. మిర్చినయితే ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో దాచి, రేటొచ్చాక తీయొచ్చు. సోమవారం రాత్రి నిద్రను దాచి శుక్రవారం తీసుకుంటానంటే ఒళ్ళు ఒప్పుకోదు. కనక త్వరగా పాడయ్యే సరుకుల కింద రాసుకోండి.

విలువ దగ్గర చిన్న చిక్కుంది. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితేనే ఈ-వే బిల్లు తప్పనిసరి. డ్రైవర్ నిద్ర అంత చేస్తుందంటే ఏ ఓనరూ ఒప్పుకోడు, బత్తాతో కలిపి లెక్కగట్టినా సరే. కాబట్టి విలువ గడిలో, ఆ నిద్ర లేకపోతే పోయేవాటి ఖరీదు వేయాలి: బండి, లోడు, ఎదురొచ్చే ఆటో. ఆటోలో కూర్చున్న మిరప కోత కూలీల ఖరీదు ఎంతో ఎక్స్‌గ్రేషియా ప్రకటించే పెద్దల్ని అడిగితే చప్పున చెబుతారు, వాళ్ళకు అలవాటే.

ఇక గడువు. 2021 జనవరి 1 నుంచి ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. అంతకు ముందు 100 కిలోమీటర్లకే ఒక రోజుండేది. గుంటూరు నుంచి ఢిల్లీకి ఉరమరగా 1,800 కిలోమీటర్లు, అంటే తొమ్మిది రోజులు. కాగితానికి ప్రభుత్వం తొమ్మిది రోజులిచ్చింది, ఆ కాగితాన్ని మోసుకెళ్ళే మనిషికి సాఫ్ట్‌వేర్ మూడు రోజుల చిల్లర ఇచ్చింది. కాగితం డాబా దగ్గర మంచం వాల్చుకుని, నాగపూర్‌లో నారింజలు తిని, తీరిగ్గా వెళ్ళొచ్చు. గడువు తీరుతుందనుకుంటే తీరడానికి 8 గంటల ముందు నుంచీ, తీరాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. ఎనిమిది గంటలంటే ఒక మనిషి ఒక రాత్రి పడుకునే లెక్క. ఇంత దయ గల నిబంధన రాసినవాళ్ళు దాన్ని కాగితం పాలు చేశారు.

ఇందులోనే ఇంకో తరగతుంది, ఓవర్ డైమెన్షనల్ కార్గో. నిర్ణీత కొలతలు మించిన పెద్ద సరుకు. దానికి 20 కిలోమీటర్లకే ఒక రోజిస్తారు. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్న డ్రైవర్‌ను ఆ తరగతిలో వేయాలని కోరుతున్నాను. అప్పటికి రెప్పలు అంత బరువూ ఉంటాయి.

తనిఖీ సులువు. మూడింటికి పోలీసులు ఎటూ ఆపుతున్నారుగా, మగ్గు పక్కనపెట్టి టార్చి వేసి చూస్తారు. ‘‘కళ్ళ నిండా సరుకుంది, బిల్లేది?’’ లేదు. అయితే జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ కింద బండి నిలిపివేత. బండి నిలిపేస్తే ఏమవుతుంది? డ్రైవర్ పడుకుంటాడు. పన్నుల చరిత్రలో జనానికి పనికొచ్చిన సీజ్ ఇదొక్కటే అవుతుంది. ఇన్నాళ్ళూ మామూలిచ్చి బండి విడిపించుకున్న డ్రైవర్లు ఇక మామూలిచ్చి సీజ్ చేయించుకుంటారు.

ఇంత తతంగం ఎందుకు, సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టొచ్చు కదా అంటారా? పెట్టొచ్చు. చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. పెట్రోలు బంకులకు లారీలు ఏ వరసలో పంపితే దూరం కలిసొస్తుందో డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు 1959లో లెక్కగట్టి చూపించారు. ఇవాళ్టి రూట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఆ లెక్క సంతానమే. 1961లో మన పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టం చేసింది: రోజుకు 8 గంటల పని, 5 గంటలకు మించి ఏకబిగిన పని చేయించకుండా కనీసం అర గంట విశ్రాంతి, ఒక రోజు డ్యూటీకీ మర్నాటి డ్యూటీకీ మధ్య వరసగా 9 గంటలు. దూరపు బండ్లకు కొంత సడలింపు ఉండేది. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్ వచ్చి ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. రెండేళ్ళ తేడాతో పుట్టిన లెక్కా చట్టమూ అన్నేళ్ళలో ఒక్కసారీ ఒకే లారీ ఎక్కలేదు.

ఎక్కించడం ఎంత పని? రూట్ల లెక్కకు గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్‌లో కూడా బ్రేక్ పెట్టే సౌకర్యం ఉంది. ఇన్ని గంటలకొకసారి ఇంతసేపు ఆగాలి అని చెబితే, మిగతా రూటంతా దాని చుట్టూ సర్దుకుంటుంది. కచ్చితమైన షరతుగా పెడితే, విశ్రాంతి కుదరని రూటును అసలు ఇవ్వనే ఇవ్వదు. ‘వీలైతే’ అని పెడితే, లోడు ఆలస్యానికి పడే కోతనూ డ్రైవర్ కునుకునూ పక్కపక్కన తూచి, ఏది చవకో అది వదిలేస్తుంది. ఏది చవకో చెప్పే అంకె వేసేది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. కంప్యూటర్‌కు పాపం ఏమీ తెలియదు, సున్నా వేయమన్నవాడికి అన్నీ తెలుసు.

రేపు ఆ బండి ఏ మలుపులోనో డివైడరెక్కితే ఎఫ్‌ఐఆర్‌లో ఏముంటుందో ఇప్పుడే చెప్పగలను. అతివేగం, నిర్లక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 106(1), ఐదేళ్ళ దాకా జైలు. నిందితుడు డ్రైవర్, బతికుంటే. పోతే ‘నిద్రమత్తే కారణం’ అని ఒక వాక్యం, ఫైలు మూత. ఆ మత్తు ఏ ఏసీ గదిలో తయారైందో ఎవరికీ పట్టదు. సీసీ ఫుటేజీ అడుగుతారు, టోల్ రసీదులు అడుగుతారు, చచ్చినవాడి రక్తంలో మందు వెతుకుతారు. రూటు ఎవరేశారని అడగరు. అడిగితే అది సర్వర్లో తేదీతో, టైముతో భద్రంగా ఉంటుంది.

యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపి తీరాలి. ఎన్ని గంటలు నడిపాడో బండిలోని టాకోగ్రాఫ్ రాసిపెడుతుంది, డ్రైవర్ నిబంధన తప్పితే కంపెనీ కూడా జవాబు చెప్పుకోవాలి. అక్కడి నిబంధన అది. మన దగ్గర ఓనరుకు ఆ యంత్రం కూడా అక్కర్లేదు. జీపీఎస్ పుణ్యమా అని లారీ ఎక్కడుందో, ఎంతసేపటి నుంచి ఆగలేదో స్క్రీన్ మీద కనబడుతూనే ఉంది. చూస్తూనే తోలిస్తున్నాడు. పది గంటలుగా ఆగని బండిని చూసి ‘ఆన్ టైమ్’ అని పచ్చరంగు వేసుకుని, ఆయన మాత్రం రాత్రి పదింటికల్లా పడుకుంటున్నాడు. ఏ1గా ఆ సున్నా వేసినవాడి పేరు రాయండి. డ్రైవర్ సంగతి తర్వాత చూద్దాం.